పద్నాలుగో నంబరు తాళం

ఏడాదికి నాలుగు రోజులు ఆ ఫ్యాక్టరీ నోరు మూసుకుంటుంది. మోటార్లు ఆగిపోతాయి, గొట్టాలు చల్లబడతాయి, అంత పెద్ద షెడ్డులో ఎవరు తుమ్మినా అందరికీ వినిపిస్తుంది. ఆ మధ్యాహ్నం మేస్త్రి తన బల్ల ముందు స్టూలు వేసుకుని, విప్పి కడిగిన బాల్ వాల్వుని మళ్ళీ కూర్చే పనిలో పడ్డాడు. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని. కళ్ళు మూసుకుని చేసేస్తానని నలుగురిలో గొప్పలు పోతాడు కానీ, ఈ వాల్వు దగ్గర మాత్రం రెండు కళ్ళూ బాగా తెరుచుకునే కూర్చున్నాడు.

బాయిలరు నుంచి ట్యాంకులోకి మరిగే నీళ్ళు వదిలేది ఈ వాల్వే. పదకొండేళ్ళ క్రితం ట్యాంకు కడగడానికి దిగిన ఈలన్న, ఇది తెరుచుకుని ఉండబట్టే చనిపోయాడు.

ఆయన నోట్లో ఎప్పుడూ ఈల ఉండేది. ఒకటే పాట, అదీ సగమే. మూడో మలుపు దగ్గర ఆగి మళ్ళీ మొదటికొచ్చేవాడు. "మిగతాది ఎప్పుడు నేర్చుకుంటావన్నా?" అని మేస్త్రి ఆటపట్టిస్తే, "తొందరేముందిరా" అనేవాడు.

బంతికి అటూ ఇటూ కూర్చునే కొత్త సీటు రింగులు కావాలని మేస్త్రి స్టోరు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. స్టోరు చూసేది ఈలన్న భార్యే.

"మళ్ళీ వచ్చావా మరిదీ?" అంది.

"మళ్ళీ ఏంటి వదినా, ఇప్పుడేగా రావడం!"

ఆవిడ అదోలా చూసి రింగులు చేతిలో పెట్టింది. వెనక గోడ నిండా మేకులకు తాళాలు వేలాడుతున్నాయి. ఈలన్న పోయాక పెట్టిన పద్ధతి అది. ట్యాంకులోకి దిగేవాడు తన నంబరు తాళం వాల్వు పిడికి వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. బయటికొచ్చాక తనే తీసుకోవాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు. పిడికి తాళం ఉందంటే లోపల మనిషి ఉన్నట్టే. మేస్త్రి మాత్రం ఈ పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ట్యాంకులోకి దిగలేదు. తన తాళం ఉన్న వైపు కన్నెత్తి చూడడు కూడా.

బల్ల దగ్గరికొచ్చి మొదటి రింగు లోపల కూర్చోబెట్టాడు. మధ్యలో చిల్లున్న, అద్దంలా మెరుస్తున్న బంతిని మెత్తటి గుడ్డతో తుడిచి, దాన్ని తిప్పే కాడ నాలుకకు తగిలించి జార్చాడు. రెండో రింగు, మూత, బోల్టులు. ఒకటి ఇటు, ఒకటి అటు, ఎదురెదురుగా బిగించుకుంటూ వచ్చాడు. పాత గ్రీజు వాసన, తడి ఇనుము వాసన. ఎక్కడో గొట్టంలోంచి బొట్టు బొట్టుగా నీళ్ళు కారుతున్నాయి.

చివరికి పిడి.

పిడి గొట్టానికి అడ్డంగా ఉంటే వాల్వు మూసినట్టు, గొట్టం వెంట ఉంటే తెరిచినట్టు. కానీ కాడ తల చదరంగా ఉంటుంది, పిడిని ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. పదకొండేళ్ళ క్రితం, ఈలన్న దిగడానికి ముందు సాయంత్రం, ఇంటికెళ్ళే హడావిడిలో మేస్త్రి దాన్ని పావు మలుపు తప్పుగా బిగించాడు. బయట పిడి మూసి ఉందని చెబుతోంది, లోపల బంతి చిల్లు తెరుచుకుని ఉంది. ఈలన్న పిడిని నమ్మాడు. కేకలు వినగానే అందరూ ట్యాంకు దగ్గరికి పరుగెత్తితే, మేస్త్రి వాల్వు దగ్గరికి పరుగెత్తి పిడిని విప్పి, తెరిచినట్టు కనబడేలా గొట్టం వెంట సరిగ్గా పెట్టేశాడు. వాల్వు మూయకుండా దిగడం ఈలన్నదే తప్పని తేల్చారు. "మా ఆయన అలా దిగడు" అని వదిన కనబడిన ప్రతివాడికీ చెప్పుకుంది. మేస్త్రికీ చెప్పింది. అతను తల దించుకుని విన్నాడు.

ఇప్పుడు బంతి చిల్లు ఎటుందో చూపించే, కాడ తల మీది గీత రెండుసార్లు చూసుకుని పిడి పెట్టాడు. అడ్డంగా తిప్పి, టార్చి వేసి వాల్వులోంచి చూశాడు. చీకటి. మూసుకుంది. హమ్మయ్య అనుకుని, వెలుగుతున్న టార్చిని అలాగే బల్ల మీద పెట్టి, స్పానర్ అందుకోవడానికి అటు తిరిగాడు.

వెనక సన్నగా ఈల.

ఇటు తిరిగాడు. ఎవరూ లేరు. పిడి అడ్డంగానే ఉంది... బల్ల మీది టార్చి వెలుగు మాత్రం వాల్వులోంచి దూసుకొచ్చి ఎదుటి గోడ మీద గుండ్రంగా పడింది.

మేస్త్రి నట్టు విప్పి, మళ్ళీ గీత చూసి, మళ్ళీ బిగించాడు. వెలుగు ఆగిపోయింది.

"అయిందా బావా?" అంటూ బావమరిది లోపలికొచ్చాడు. ఈలన్న పోయిన రెండేళ్ళకు ఇక్కడ చేరినవాడు. "బాయిలరు వెలిగించేశారు. ఇది బిగించి నేను ట్యాంకులోకి దిగుతా."

దిగొద్దని చెప్పాలి. ఎందుకని అడుగుతాడు. ఎందుకో చెప్పాలి. మేస్త్రి స్పానర్ తుడుస్తూ ఉండిపోయాడు. బావమరిది వాల్వుని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

అరగంట గడిచింది. మేస్త్రి ఖాళీ బల్లనే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు ట్యాంకు వైపు నుంచి వినిపించింది... అదే పాట. మూడో మలుపు దగ్గర ఆగింది. మళ్ళీ మొదటికొచ్చింది.

బావమరిది ఆ పాట ఎన్నడూ విని ఉండడు.

మేస్త్రి పరుగెత్తాడు. ట్యాంకు మూతి దగ్గర పడి, "పైకి రారా! వచ్చెయ్!" అని గొంతు చించుకున్నాడు. సూపర్వైజరు వచ్చాడు. ఆ అరుపులకు వదిన కూడా వచ్చింది.

"ఏమైందయ్యా?"

"ఆ పిడి తప్పుగా పెట్టింది నేనండీ... ఆ రోజు కూడా నేనే. ఈలన్న తప్పేం లేదు. వదినా, నేనే..." మేస్త్రి ఏడ్చేశాడు. పదకొండేళ్ళ బరువు దిగిపోయినట్టు అనిపించింది కూడా.



బావమరిది నిచ్చెన ఎక్కి క్షేమంగా బయటికొచ్చాడు. సూపర్వైజరు వాల్వు దగ్గర వంగి, గీతకీ పిడికీ పోల్చి చూసి, "సరిగ్గానే ఉందిగా" అన్నాడు.

"లోపల ఆయనెవరు బావా?" అన్నాడు బావమరిది చెమట తుడుచుకుంటూ. "ఈల వేస్తున్నాడు. చీకట్లో మొహం కనబడలేదు. నువ్వు వెళ్ళు, మీ బావ వస్తాడులే అన్నాడు."

అంటూనే పిడి నుంచి తన తాళం తీసుకున్నాడు.

పిడికి ఇంకో తాళం ఉంది.

"పద్నాలుగు..." సూపర్వైజరు చదివాడు. "ఇదెవరిది?"

"మరిదిది" అంది వదిన. చాలా నెమ్మదిగా, మేస్త్రి వైపు తిరిగి. "పొద్దున కిటికీ దగ్గరికొచ్చి నువ్వే కదా పట్టుకెళ్ళావు. ఈల వేసుకుంటూ వచ్చావు... నీకెప్పుడొచ్చిందా ఈల అనుకున్నాను."

ట్యాంకులో మళ్ళీ ఈల మొదలైంది. మూడో మలుపు దగ్గర ఆగలేదు.

మేస్త్రి చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి వెళ్ళింది. తాళంచెవి ఉంది. తడిగా ఉంది. పట్టుకోలేనంత వేడిగా ఉంది.