కోటు జేబులో సమన్లు

ఉదయం ఎనిమిదయింది. రిటైరైన కోర్టు బంట్రోతు కిటికీ దగ్గర అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటున్నాడు. కూతురు పొయ్యి ముందు నిలబడి గుడ్లు వేయిస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తోంది. భార్య బీరువాలోని బట్టలన్నీ మంచం మీద గుమ్మరించి ఎండలో వేయాల్సినవి ఏరుతోంది.

"ఏమండీ, ఈ పాత యూనిఫారం కోటు ఇంకెన్నాళ్ళు దాచుకుంటారు? పురుగులు కూడా దీన్ని చూసి మొహం తిప్పుకుంటున్నాయి."

"దాన్ని ముట్టుకోకు!" అని ఆయన అరిచేసరికి బ్లేడు చెంప మీద గీసుకుంది.

ఆ అరుపుకే ఆవిడకు అనుమానం వచ్చింది. జేబులో చెయ్యి పెట్టింది. నాలుగు మడతల కాగితం ఒకటి బయటికొచ్చింది. చదివి, తిన్నగా తీసుకెళ్ళి కూతురి చేతిలో పెట్టింది. కోర్టు సమన్లు. ఎల్లుండి పదిన్నరకు సాక్ష్యం చెప్పడానికి రమ్మని కూతురి పేరు మీద వచ్చి అప్పటికే తొమ్మిది రోజులైంది. అందినట్టు సంతకం పెట్టింది తండ్రే.

కిందటేడు వానాకాలంలో ఒక సాయంత్రం ఆ అమ్మాయి డ్రైవింగ్ స్కూల్లో క్లాసులు చెప్పడం ముగించుకుని నడిచి వస్తోంది. బైకు మీద వచ్చినవాడొకడు భుజానికున్న సంచి లాగాడు. పట్టీ తెగలేదు. పది గజాల దూరం రోడ్డు మీద ఈడ్చుకుపోయాడు. ఎడమ మణికట్టు రెండు చోట్ల విరిగింది. పోలీసులు నెల తిరక్కుండానే వాణ్ణి పట్టుకున్నారు. జైల్లో వరసగా నిలబెట్టిన ఎనిమిది మందిలో వాడెవడో ఆమె వేలుపెట్టి చూపించింది. ఎముక అతుక్కుంది గానీ మనిషి మునుపటిలా కాలేదు. "స్టీరింగ్ మేడమ్" అని స్కూలంతా పిలిచే ఆ పిల్ల ఏడాదిగా బండెక్కడం మానేసి, ఆఫీసు గదిలో కూర్చుని దరఖాస్తులు నింపుతోంది. వెనక నుంచి బైకు మోత వినిపిస్తే చాలు, గోడకు అతుక్కుపోతుంది.

ఆమె పొయ్యి ఆపింది.

"ఏంటి నాన్నా ఇది?"

"అది నీకక్కర్లేదమ్మలూ. ఒకటి రెండు వాయిదాలు తప్పిపోతే కేసు అదే నీరుగారిపోతుంది."

"నా చెయ్యి విరగ్గొట్టినవాడి కేసు నువ్వు నీరుగారుస్తావా?"

"తప్పు మాట్లాడకే!" తల్లి మధ్యలోకి వచ్చింది. మరుక్షణమే భర్త వైపు తిరిగి, "అయినా అదడిగినదాంట్లో తప్పేముందండీ?" అంది.

ఆయన చెంప మీద రక్తం తుడుచుకుంటూ కుర్చీలో కూలబడ్డాడు. గొంతు బాగా తగ్గింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు ఆ గుమ్మం దగ్గర నిలబడ్డాను. లోపలికి ఎలా వెళ్తారో, బయటికి ఎలా వస్తారో నాకు తెలుసు. పళ్ళమ్ముకునే ఆవిడ ఒకామె ఉండేది. ఎవడో కక్షకొద్దీ ఆమె కొట్టు తగలబెట్టాడు. సాక్ష్యానికి ఆమెను పిలిచింది నేనే. గంటన్నర సేపు లాయరు ఆవిణ్ణి నిలబెట్టి, కొట్టు నువ్వే తగలబెట్టుకున్నావన్నంత పని చేశాడు. బయటికొచ్చి మెట్ల మీద పడి ఏడ్చింది. 'అయ్యా, నన్నెందుకు పిలిచావు?' అంది. ఆ మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది. నిన్ను ఆ మెట్ల మీద చూడలేనమ్మా."

కూతురు వచ్చి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది.

"తర్వాత ఆ కేసు ఏమైంది?"

"ఏమవడమేంటి... వాడికి నాలుగేళ్ళు పడింది."

"దేని మీద పడింది?"

ఆయన తడుముకున్నాడు. "ఆవిడ సాక్ష్యం మీదే."

"మరి ఈ సగం మాకెప్పుడూ చెప్పలేదేం?"

నిజమే, ఆ సగం ఆయన తనకు తాను కూడా ఎప్పుడూ చెప్పుకోలేదు. ఆవిడ ఏడుపు గుర్తుంది. తీర్పు రోజున ఆవిడ తన కొడుకు చెయ్యి పట్టుకుని, తలెత్తుకుని గబగబా వెళ్ళిపోవడం మాత్రం ఇప్పుడే గుర్తొచ్చింది.

"నాకు భయం లేదని కాదు నాన్నా," అంది కూతురు. "ఉంది. కానీ ఏడాదిగా వాడు బెయిలు మీద హాయిగా ఊపిరి పీల్చుకుంటున్నాడు, నేను గోడలు పట్టుకుని నడుస్తున్నాను. నేను చెప్పాల్సింది చెప్పేస్తాను. ఎలా చెప్పాలో నువ్వు నేర్పు. నీకంటే ఎవరికి తెలుసు?"

ఆ పూటే వంటింట్లో కోర్టు పెట్టారు. తల్లి గరిటె పట్టుకుని స్టూలు మీద జడ్జిగా కూర్చుంది. తండ్రి ముద్దాయి తరఫు లాయరు. భుజాన తువ్వాలు వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "మీకు చూపు సరిగ్గా ఆనదని నేనంటాను!" అని గర్జించాడు.

"ఈ లాయరు గారు చొక్కా తిరగేసి తొడుక్కున్నారండీ, అది మాత్రం బాగానే ఆనుతోంది," అంది సాక్షి.

జడ్జి నవ్వాపుకోలేక స్టూలు మీంచి జారింది. "కేసు కొట్టేశాను! లాయరు గారికి ఈ పూట టీ లేదు!"

ఏడాదిగా ఆ ఇంట్లో అంత నవ్వు లేదు. నవ్వు తగ్గాక ఆయన అసలు సంగతులు ఒక్కొక్కటే చెప్పాడు. ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగాలి. లాయరు అడిగినా సరే, జడ్జి వైపు తిరిగి చెప్పాలి. తెలియనిది తెలియదనాలి. కోపమొస్తే మంచినీళ్ళడగాలి.

ఎల్లుండి రానే వచ్చింది. వెనక బెంచీలో కూర్చున్న ఆయన మాటిమాటికీ లేవబోతుంటే భార్య చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. బోనులో కూతురు జరిగింది జరిగినట్టు చెప్పింది. సంచి పట్టీ చేతికి చుట్టుకుపోతే వాడు వెనక్కి తిరిగి హెల్మెట్ అద్దం ఎత్తి చూశాడని, కుడి కనుబొమ్మను చీల్చే గాటు కనపడిందని చెప్పింది.

ముద్దాయి లాయరు తీరిగ్గా లేచాడు. "రోడ్డు మీద ఈడ్చుకుపోతుంటే, ప్రాణభయంతో అరుస్తూ, కనుబొమ్మ మీద గాటు చూశారా? నమ్మమంటారా?"

ఆమె గ్లాసెత్తి రెండు గుక్కలు తాగింది. జడ్జి వైపు తిరిగింది.

"నేను డ్రైవింగ్ నేర్పుతానండి. పక్కన కూర్చున్నవాళ్ళు బండిని గోడ మీదికి తోలుతున్నప్పుడు కూడా వెనక ఎవరొస్తున్నారో, పక్కన ఎవరున్నారో చూసుకోవడమే నా పని. అరుస్తూనే చూస్తానండి."

కోర్టు హాల్లో ఒక్కసారిగా నవ్వులు. జడ్జి పెదవి బిగించి తల వంచి రాసుకుంది. లాయరు ఇంకో ఐదారు ప్రశ్నలు వేసి కూర్చున్నాడు.

బయటికొచ్చిన కూతురు, "అంతేనా నాన్నా? అప్పుడే అయిపోయిందా?" అంది. ఆయన ఆమె భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. "చూశావా అమ్మా, మెట్ల మీద ఎవరేడుస్తున్నారో," అంటూ ఆమె ఆయన వీపు నిమిరింది.

రెండు నెలలకు తీర్పు చెప్పే రోజు వచ్చింది. "నువ్వు విని రా నాన్నా, నాకు క్లాసుంది," అని వెళ్ళిపోయింది కూతురు. మూడు వారాలుగా ఆమె మళ్ళీ బండెక్కుతోంది.

తీర్పు వింటూనే ఆయన వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేశాడు.

"బ్రేకు! బ్రేకు తొక్కండి! అది కాదండీ!" ఫోనులో కూతురి కేక. "ఆఁ, చెప్పు నాన్నా."

"నేరం రుజువైందమ్మలూ! మూడేళ్ళు! నువ్వు చెప్పిన మాటల్ని తీర్పులో పూర్తిగా రాశారు!"

"ఎడం పక్కన ఆపండి మేడమ్," అంది కూతురు మెల్లగా. ఇంజను ఆగింది. ఆ తర్వాత ఏడుపో నవ్వో తెలియని శబ్దం. ఆయన కళ్ళు మూసుకుని, ఫోను చెవికి గట్టిగా నొక్కుకుని అంతా విన్నాడు.

అరవయ్యో ఏట డ్రైవింగ్ నేర్చుకుంటున్న ఆ స్టూడెంటు గొంతు కంగారుగా వినిపించింది. "అయ్యో, ఏడవకండి మేడమ్! రేపట్నుంచి గేర్లు సరిగ్గా వేస్తాను, ఒట్టు!"