అక్క వంతు

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే తమ్ముడు ఊడిపడ్డాడు. ఫోను లేదు, కబురు లేదు. చంకలో ఒక అట్టపెట్టె, ముఖంలో కొత్త బొమ్మ దొరికిన పసివాడి సంబరం.

అక్క బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. వారానికి ఆరు రోజులు దంతాల ల్యాబ్‌లో కూర్చుని, ముఖం తెలియని మనుషుల నోళ్లకు సరిపోయేలా పళ్ల సెట్లు అరగదీయడం ఆమె పని. ఆదివారం సెలవు, అదీ పేరుకే. తల్లి హాల్లో కూర్చుని భూతద్దంతో పేపరు చదువుతోంది. తండ్రి పోయాక ఆవిడ ఉండేది కూతురి దగ్గరే. కొడుకు ఇల్లు బస్సులో నాలుగు స్టాపుల దూరం. చుట్టపుచూపుగా వచ్చి పోతుంటాడు.

"అక్కా, నా క్యాసెట్లు తియ్యి!" అన్నాడు చెప్పులు విప్పుతూనే.

"ఏ క్యాసెట్లు?"

"వీడియో గేమువి. చిన్నప్పటివి. నీ దగ్గరే ఉన్నాయిగా?"

'నా' అన్న మాట ముల్లులా గుచ్చుకుంది. అయినా ఆమె బీరువా అడుగు అరలోంచి రేకు డబ్బా తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది. అందులో పదకొండు క్యాసెట్లు, దేనికది మెత్తటి గుడ్డలో చుట్టి ఉన్నాయి. వాటిని ఆడించే పాత మెషిన్ ఎప్పుడో చెడిపోయి పాత సామాన్లవాడి బండెక్కింది. క్యాసెట్లు మాత్రం మూడు ఇళ్లు మారినా ఆమె వెంటే వచ్చాయి.

తమ్ముడు అట్టపెట్టె విప్పాడు. అరచేతిలో పట్టేంత నల్లటి మెషిన్, రెండు కంట్రోలర్లు, ఒక వైరు.

"పాత క్యాసెట్లు ఆడుకోడానికే ఇప్పుడు వీటిని కొత్తగా చేస్తున్నారమ్మా. అసలు కంపెనీది కాదు, నకలు. అయితేనేం, అసలుదాన్ని తలదన్నేలా ఉంది. ఇప్పటి టీవీకి తగిలించుకోవచ్చు. ఆట మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆపి దాచుకోవచ్చు కూడా!"

వైరు తగిలించి క్యాసెట్టు గుచ్చాడు. తెర మీద బూడిద రంగు గీతలు తప్ప ఏమీ రాలేదు. క్యాసెట్టు పైకి లాగి, బుగ్గలు పూరించి ఊదబోయాడు.

"ఊదకు! నోటి తడికి తుప్పు పడుతుంది." అక్క దాన్ని లాక్కుని, స్పిరిట్‌లో ముంచిన దూదిపుల్లతో లోపలి రాగి పట్టీలను ఒక్కొక్కటిగా తుడిచింది. ఆరాక గుచ్చింది. టీవీలో రంగులు విచ్చుకున్నాయి. వెంటనే ఆ పాట, టింగుటింగుమంటూ.

తమ్ముడు కేక పెట్టి నేల మీద చతికిలబడ్డాడు. తెర మీద ఆటలోని బుడతడు ఎగురుతున్నాడు, దూకుతున్నాడు. తల్లి పేపరు మడిచింది.

"వాడి మొహం చూడవే, అచ్చం చిన్నప్పుడు ఎలా ఉండేవాడో అలాగే! ఏమీ తినకుండా వచ్చినట్టున్నాడు. కాస్త గుడ్లు వేసిపెట్టమ్మా."

అక్క వంటింట్లోకి నడిచింది. పొయ్యి వెలిగించి పెనం పెట్టింది. హాల్లోంచి పాట వస్తూనే ఉంది. ఆ పాట ఆమెకు మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు. ఆట మాత్రం చేతికి రాదు. ఎందుకంటే చిన్నతనమంతా దాన్ని ఆమె విన్నది వంటింట్లోంచే, చేతులకు సబ్బు నురగతో. నలభై ఏడేళ్లు వచ్చినా నిలబడిన చోటు మారలేదు.

పొయ్యి కట్టేసి హాల్లోకి వచ్చింది.

"ఇటివ్వు. నేనాడతాను."

"ఆగక్కా, ఈ ఒక్క లెవెలూ అయిపోనీ. తర్వాత నీ వంతే."

అంతే. ఆమె వంగి టీవీ వైరు పీకేసింది. తెర నల్లబడింది.

"అక్కా! పిచ్చా నీకు?"

"పిచ్చే! ముప్పై నాలుగేళ్ల నుంచి నువ్వీ ముక్కే చెబుతున్నావు. 'ఇది అయిపోనీ, తర్వాత నీ వంతే.' ఎప్పుడైనా అయిందా? ఆపి దాచుకునే బటన్ ఉందని మురిసిపోతున్నావే, అదేదో అప్పుడే ఉంటే నీకు ఈ సాకు ఉండేది కాదు!"

"చిన్నప్పటి సంగతికి ఇప్పుడు తగువా? రెండో కంట్రోలర్ నీకే ఇచ్చేవాణ్ణిగా!"

"ఇచ్చావు. వైరు మెషిన్‌కి తగిలించకుండా ఇచ్చావు."

తమ్ముడు చేతిలోని కంట్రోలర్ వైరు వైపు చూశాడు.

"సెలవులన్నీ నేను ఆడుతున్నాననే అనుకున్నాను. నేను నొక్కబట్టే ఆ బుడతడు దూకుతున్నాడనుకున్నాను. నీ స్నేహితులు వెనక చేరి కిసుక్కున నవ్వితే, నేను గెలిచినందుకేమో అనుకుని నేనూ నవ్వాను."

"అది... సరదాకి..."

"నీకు సరదా! ఇంకో మాట విను. నా క్యాసెట్లు అంటున్నావే, ఎవరివిరా అవి? నేను క్లాసులో ఫస్టు వచ్చానని ఓడలో పనిచేసే మామయ్య నాకు తెచ్చినవి, మెషినూ క్యాసెట్లూ. నీకు జ్వరమొచ్చి ఏడిస్తే రెండు రోజులకని అమ్మ ఇప్పించింది. ఆ రెండు రోజులు ఇంకా గడవలేదు."

తల్లి కుర్చీలో కదిలింది. "చాల్లే, గొంతు తగ్గించు. పక్కింటివాళ్లు వింటారు. తమ్ముడేగా ఆడుకున్నది, పరాయివాడు కాదుగా!"

"విననీ! నిన్నే అడుగుతున్నానమ్మా. ఆట దగ్గర్నుంచి ఎప్పుడూ నన్నే ఎందుకు పనికి పిలిచేదానివి? వాడికి చేతుల్లేవా?"

"ఎందుకేమిటే?" ఆవిడకీ కోపం వచ్చింది. "టెలిఫోన్ ఎక్స్‌చేంజిలో రోజంతా హెడ్‌ఫోను పెట్టుకుని ఊళ్లోవాళ్లందరి చేతా తిట్లు తిని ఇంటికొచ్చేదాన్ని. మీ నాన్న లారీ ఎక్కితే పది రోజులకు దిగేవాడు. వాణ్ణి పిలిస్తే గిన్నె పగలగొట్టేవాడు. నిన్ను పిలిస్తే పనయ్యేది. చేతనైనవాళ్లనే కదా ఎవరైనా పిలిచేది!"

"అంటే చేతకానివాడికి ఆట, చేతనైనదానికి అంట్లు. అంతేనా?"

తల్లి కూతురి చేతుల వైపు చూసింది. ల్యాబ్ పొడికి వేళ్లు గరుకెక్కాయి. ఆ చేతులను ఆవిడ ఎన్నడూ ఊరికే ఉండగా చూసి ఎరగదు.

"అంతేనే. ఇప్పుడు నువ్వంటే తెలిసింది. పగలగొట్టినా సరే, వాణ్ణీ పిలవాల్సింది. నాకు సులువని నీ నెత్తిన రుద్దాను. తప్పు నాదే."

అక్క సమాధానాలు చాలా సిద్ధం చేసుకుంది, ఏళ్ల తరబడి. అవన్నీ వేరే మాటలకు. దబ్బున సోఫాలో కూలబడి ముఖం కప్పుకుంది.

తమ్ముడు లేచాడు. వైరు మళ్లీ తగిలించాడు. మొదటి కంట్రోలర్ అక్క ఒళ్లో పెట్టాడు. క్షమించమని అడగడం అతనికి చేతకాలేదు. "గుడ్లు ఎక్కడున్నాయి?" అన్నాడు.

"వెతుక్కో."

అతను వెళ్లాడు. ఆమె కళ్లు తుడుచుకుని బటన్ నొక్కింది. బుడతడు నాలుగడుగులు పరిగెత్తి మొదటి గోతిలోనే పడ్డాడు. మళ్లీ పడ్డాడు. మూడోసారీ పడ్డాడు.

"నొక్కి పట్టుకో అక్కా, అప్పుడే దూరం దూకుతాడు!" వంటింట్లోంచి కేక.

"నువ్వు నోర్మూసుకుని పెనం చూసుకోరా, మాడు వాసన వస్తోంది!" అంది తల్లి. కుర్చీ లాక్కుని కూతురి పక్కకు జరిగింది. "తొందరేం లేదు, నువ్వాడు."

మధ్యాహ్నం దాకా ఆ టీవీ ముందు నుంచి ఎవరూ ఆమెను లేపలేదు. మాడిన గుడ్లు తిన్నారు. బుడతడు గోడ ఎక్కబోతూ జారిపడ్డ ప్రతిసారీ తల్లి, "అయ్యో!" అని తొడ చరుచుకుంది. ఒకసారి ఆ 'అయ్యో' వినగానే అక్కకు నవ్వొచ్చింది, నవ్వుతూనే మళ్లీ ఏడుపొచ్చింది.

సాయంత్రం తమ్ముడు చెప్పులేసుకుంటూ, "మెషిన్ ఇక్కడే ఉంచుతాను. నువ్వే ఉంచుకో" అన్నాడు.

"అక్కర్లేదు. మెషిన్ నీది, తీసుకుపో. క్యాసెట్లు నావి, అవి ఇక్కడే ఉంటాయి. ఆడుకోవాలనుంటే వచ్చే ఆదివారం రా."

"వస్తే ఆడనిస్తావా?"

అక్క గొంతులో కోపం పూర్తిగా చల్లారలేదు. అయినా తమ్ముడి చొక్కాకు అంటిన నూనె మరకను బొటనవేలితో తుడుస్తూ అంది.

"నా లెవెల్ అయిపోయాక."