నేను కడిగిన బండ

విజయపురి సౌత్‌లో నా పడవ ఎక్కిన మొదటి రోజే వందన నన్ను తిట్టింది. తప్పు నాదే. కానీ అది తప్పని నాకెలా తెలుస్తుంది?

ముందురోజు ఫోన్ చేసి, "నరసరావుపేట నుంచి వందన. నీటికుక్కల మీద రీసెర్చ్ చేస్తున్నాను. రేపు వాటి బండ దగ్గరికి తీసుకెళ్లాలి," అంది. గొంతు బాగుంది. సైంటిస్టమ్మ వస్తుంటే ఆ బండంతా పెంటేమిటని పొద్దున్నే వెళ్లి, సర్ఫ్ వేసి చీపురుతో రుద్దేశాను. ముగ్గు కూడా వేశాను.

"ఈ ముగ్గేంది?" అంది పడవ దిగుతూనే.

"మీకోసమే మేడమ్. ఆ నీటికుక్కలన్నీ ఈడికే వచ్చి దొడ్డికి కూర్చుంటయ్. చానా కంపు. మొత్తం కడిగేశా."

చేతిలో చిన్న సీసాలతో వందన బండ మీద కూలబడింది.

"నేనొచ్చిందే ఆ పెంట కోసమయ్యా!"

నాకు నవ్వొచ్చింది. ఆమె కళ్లలో నీళ్లు చూసి ఆపుకున్నాను.

"ఎల్లుండిలోగా శాంపిల్ పంపకపోతే, ఇక్కడ నీటికుక్కలు లేవని రాసేస్తారు. ప్రాజెక్టు గోదావరికి పోద్ది. వీటిని కాపాడేవాళ్లుండరు. నేనూ ఉండను."

ఆ చివరి మాట నాకు గట్టిగా తగిలింది. మొహం చూసి గంట కూడా కాలేదు, అయినా తగిలింది.

వలలు చింపుతాయని చిన్నప్పటి నుంచి నేను తిట్టిన నీటికుక్కలనే, "రండి నాయనా, కూర్చోండి," అని రెండు రోజులు బతిమాలాను. బండ మీద చేపలు పెట్టాను. కాకులు తిన్నాయి. సర్ఫ్ వాసనకు ఒక్క నీటికుక్కా అటు రాలేదు.

గడువు రోజు పొద్దున ఒడ్డు నుంచి మా అమ్మ ఎల్లమ్మ కేకేసింది. "ఒరేయ్ నాగరాజూ! నీ పడవంతా ఖరాబు చేసి పోయినయ్ రా! బక్కెట్ తీసుకురా!"

నేను ఫోన్ తీశాను. "మేడమ్, తొందరగా రండి. పడవ నిండా ఉంది!"

వందన దిగిన లాడ్జి నుంచి జడ కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది. "చేప పొలుసులు! పీత ముక్కలు! నీటికుక్కలదే!" అంటూ మోకాళ్ల మీద కూర్చుని సీసాలు నింపింది. పెంట ముందు అంత అందంగా కనిపించిన మనిషిని నేనెక్కడా చూడలేదు.

"ఏం చేసుకుంటావే పిల్లా, దాన్ని?" అంది అమ్మ.

"హైదరాబాద్ ల్యాబ్‌కి పంపిస్తానత్తా."

పిన్నీ అనలేదు. అత్తా అంది. నేను విన్నాను.

"మూడు నెలలు ఈ పడవ కడగమాక," అంది వందన నాతో. "రోజూ వచ్చి చూస్తా."

"ఆర్నెల్లు కడగను. మీరంటే నాకు చానా ఇష్టం మేడమ్."

"ఇది చెప్పడానికి వేరే చోటే దొరకలేదా?"

"మీరు వేరే చోట దొరికితేగా!"

వందన నవ్వుతూ ఇటు తిరిగింది. "నాక్కూడా ఇష్టమేలే. ఆ సీసా మూత గట్టిగా పెట్టు."

అమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. "ఇష్టపడితే పడ్డారు గానీ, పెళ్లి మాటలకొచ్చేటప్పుడు ఇద్దరూ తలస్నానం చేసి రండి!"