గంటకి పది

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది కోడలు. లేచి మొహం కడుక్కోకముందే ఆమె చేసే పని ఒకటుంది, అది మొగుడికి కూడా తెలీదు. ముందురోజు తను కుట్టిన స్వెటర్లలోంచి ఓ పదిహేను తీసి, చప్పుడు కాకుండా అత్తగారి దొంతరలో పెడుతుంది. పైన కాదు, మధ్యలో. ఆ తరవాతే పొయ్యి వెలిగిస్తుంది.

ఆ వీధిలో ముప్పై ఇళ్ల ఆడవాళ్లదీ ఒకటే పని. కాంట్రాక్టరు కంపెనీ నుంచి పిల్లల స్వెటర్ల మూటలు తెచ్చి గుమ్మంలో పడేస్తాడు. వీళ్లు ఒక్కోదానికి ఆరు గుండీలు కుట్టి, మడత పెట్టి ఇస్తారు. అందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి అత్తగారు. పదకొండేళ్ల కిందట కంపెనీవాళ్లు పిలిచి గడియారం ముందు కూర్చోబెడితే, గంటలో పది కుట్టి అవతల పడేసింది. వాళ్లు ఆ గడియారాన్నే బహుమానంగా ఇచ్చి పంపారు. అప్పట్నుంచి వీధంతా ఆవిణ్ణి మిషనత్త అంటుంది. ఆవిడకి ఆ పేరంటే ప్రాణం.

తంటా అంతా అక్కడే వచ్చింది. గంటకింత కూలి అని పైకి చెప్పి, దాన్ని పదితో భాగించి ఒక్కో స్వెటర్‌కి రేటు కట్టారు. మిగతావాళ్లు ఎంత ఒళ్లు వంచినా గంటకి ఆరు దాటవు. గంట కూలి కళ్లచూడాలంటే గంటన్నర పైన కూర్చోవాలి. పోనీ మిషనత్తకైనా పది అవుతున్నాయా అంటే, ఇప్పుడు అయిదు కూడా కావు. వేళ్ల చివర్లు మొద్దుబారాయి. సూది చేతిలో ఉందో జారిందో తెలీడం లేదు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు, కోడలు అడగనూ లేదు. చూసింది, ఊరుకుంది, పొద్దున్నే పదిహేను పెట్టడం మొదలుపెట్టింది.

ఈ రేటు మీద వీధినంతా కదిలించింది కూడా ఈ కోడలే. నెల్లాళ్లు ఇంటింటికీ తిరిగి, ఎవరికి ఎంతసేపు పడుతోందో పక్కన కూర్చుని చూసింది. గంటకి ఆరు చొప్పున రేటు కట్టాలనీ, ఏటా పని రాని రెండు నెలలూ ఎంతో కొంత ఇవ్వాలనీ, అప్పటిదాకా మూటలు దించుకునేది లేదనీ ముప్పై ఇళ్లచేతా ఒక్క మాట అనిపించింది. ఆదివారం స్వయంగా వచ్చి చూస్తానని కంపెనీ మేనేజరు కబురు చేశాడు.

శుక్రవారం పొద్దున కాంట్రాక్టరు ఇంటికే వచ్చాడు. వెనకాలే ఎదురింటావిడా, మరో ఇద్దరూ గుమ్మం దగ్గర నిలబడ్డారు.

"పెద్దమ్మా, ఆదివారం మీరొక్క గంట కూర్చుంటే చాలు. అప్పుడు కుట్టినట్టే పది కుట్టి చూపించండి. వీళ్ల నోళ్లు మూతపడతాయి."

"దానికేం భాగ్యం," అంది అత్తగారు.

అతను కోడలివైపు తిరిగాడు. "ఈవిడ మూడు గంటలు కూర్చుని ముప్పై ఇచ్చేది. నువ్వు రోజంతా కూర్చుంటే ఇరవై. అరవై దాటిన మనిషికి లేని ఇబ్బంది నీకేమిటమ్మా? చేతకానివాళ్లకే ఈ రేటు గొడవలన్నీ."

గుమ్మంలో ముగ్గురూ కోడలి మొహం వంక చూశారు. ఒక్క మాట చాలు, ఆ కాంట్రాక్టరు నోరు అక్కడికక్కడే పడిపోయేది. కోడలు అత్తగారి వంక చూసింది. అత్తగారు గోడ మీద గడియారం వంక చూస్తోంది.

"ఆదివారం చూద్దాం లెండి," అని కోడలు లోపలికెళ్లింది.

అతను వెళ్లాక కోడలు బయటికొస్తే, ఎదురింటావిడ కిటికీ దగ్గరే పట్టుకుంది. "ఏం వదినా, నోట్లో ఏం పెట్టుకున్నావు? నువ్వు రోజుకి ముప్పయ్యారు కుట్టడం నేను కళ్లారా చూశాను. మిగతావి ఏమయ్యాయి?"

"అది మా ఇంటి సంగతి."

"మీ ఇంటి పరువు కోసం ముప్పై ఇళ్ల నోరు కొడతావా? నిన్ను నమ్మి మూటలు వెనక్కి పంపాం. వారం నుంచి మా ఇంట్లో పాలు కూడా మానేశాం."

కిటికీ లోపల పాత చొక్కా కుడుతున్న అత్తగారి చేతిలో సూది ఆగిపోయింది.

మధ్యాహ్నం కొడుకు భోజనానికి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడ్డం లేదు. ప్రింటింగ్ ప్రెస్సులో యంత్రాల మోత వినీవినీ వచ్చేవాడికి ఇల్లు ప్రశాంతంగా ఉందనిపించింది, పాపం. కోడలు గిన్నె కింద పెట్టి అంది:

"అత్తయ్యా, ఆదివారం మీరు కూర్చోకండి. ఒంట్లో బాగాలేదని చెప్పేద్దాం."

"ఎందుకూ? నేను మంచమెక్కితే నీ మాట నెగ్గుతుందనా? ఇన్నాళ్లూ సంపాదించుకున్నది ఆ ఒక్క పేరేనే నేను. అది కూడా నీకు అడ్డమొచ్చిందా?"

"అమ్మా..." అన్నాడు కొడుకు.

"నువ్వు అన్నం తిను."

కోడలు మజ్జిగ గిన్నె ఆవిడ దగ్గరికి జరిపింది. "నెగ్గడానికి కాదత్తయ్యా. నలుగురిలో మీరు చిన్నబోతే నేను చూడలేను."

అత్తగారు కంచం పక్కకి నెట్టింది. అన్నం అలాగే వదిలేసి లేచి వెళ్లింది.

ఆదివారం పది గంటలకి వీధి చివర షెడ్డులో అందరూ చేరారు. కాంట్రాక్టరు బల్ల మీద స్వెటర్లు పేర్చి, పది సూదుల్లో దారం ఎక్కించి వరసగా గుచ్చి ఉంచాడు. అత్తగారు గోడగడియారం చంకన పెట్టుకుని వచ్చింది. దాన్ని మేనేజరు ముందు నిలబెట్టి, ఆ సూదుల్ని పక్కకి జరిపేసింది.

"ఇవి తీసెయ్యి నాయనా. మా ఇంట్లో నాకెవరు ఎక్కించి పెడతారు?"

తన సూదే తీసుకుంది. దారం మొన తడిచేసి గుచ్చింది. పక్కకి పోయింది. మళ్లీ గుచ్చింది, మళ్లీ పోయింది. ఆరోసారికి ఎక్కింది. మేనేజరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. కాంట్రాక్టరు ఏదో అనబోతే చేత్తో వారించాడు. ఎదురింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గంటయ్యేసరికి నాలుగు స్వెటర్లు అయ్యాయి. అయిదోదానికి రెండు గుండీలు పడ్డాయి.

"అప్పుడు పది కుట్టానయ్యా, అబద్ధం కాదు," అంది అత్తగారు. "సూదులన్నీ ఎక్కించి పెట్టారు. గుండీలు చేతికి అందించారు. మంచినీళ్లకి కూడా లేవకుండా, బిగబట్టుకుని కుట్టాను. ఒక్క గంట. మర్నాడు ఇంట్లో నాకే ఏడు కాలేదు. అయినా మిషనత్త అంటే మురిసిపోయి నోరు మూసుకున్నాను. నా గొప్ప ఇన్నేళ్లూ వీళ్లందరి కడుపు మీద కొట్టింది."

"రోజుకి ముప్పై ఇచ్చేవారు కదా, పెద్దమ్మా," అన్నాడు కాంట్రాక్టరు.

"అందులో సగం నా కోడలివి. నేను దారం పంటితో కొరుకుతాను, అది కత్తెరతో కోస్తుంది. నా దొంతరలో దాని చెయ్యి నాకు తెలీదా? రెండు నెలల నుంచీ తెలుసు. తెలిసీ తీసుకున్నాను. నువ్వు దాన్ని చేతకానిదన్నావే, అప్పుడూ పలకలేదు నేను."

కోడలు జనంలోంచి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ ఏడ్చారు. అంతమందిలో ఏడవడానికి ఆ పూట ఎవరూ సిగ్గుపడలేదు.

మేనేజరు మరో అయిదుగురిని కూర్చోబెట్టి చూసుకునే వెళ్లాడు. మూడోవారంలో గంటకి ఆరు చొప్పున కొత్త రేటు వచ్చింది. పని లేని రెండు నెలల మాట ఇంకా తేలలేదు. దానికోసం మళ్లీ కూర్చోవాలి, ఈసారి పిలిచింది ఎదురింటావిడ.

కొత్త మూటలు దిగిన మర్నాడు కోడలు అలవాటు కొద్దీ పొద్దున్నే లేచి పదిహేను తీసింది. చూస్తే అత్తగారు అప్పటికే లేచి మంచం మీద కూర్చుని ఉంది.

"అవి నీవి. అక్కడే ఉంచు," అంది.

కోడలు దొంగలా నిలబడిపోయింది.

"అలా నిలబడకపోతే ఇలా రారాదూ. ఈ సూదిలో దారం ఎక్కించి పో."

పెళ్లయి వచ్చిన ఇన్నేళ్లలో అత్తగారు ఆ మాట అడగడం అదే మొదటిసారి. కోడలు ఒక సూదికి ఎక్కించి ఇచ్చింది. పొయ్యి సంగతి మర్చిపోయి, పక్కనే కూర్చుని మరో తొమ్మిదికి ఎక్కించింది.