వదినె మరణ దాఖలా

యమునాబాయి వరండాలో కూర్చుని మెంతికూర తుంచుతోంది. లోపల తోటికోడలు సుమంగళ జొన్నరొట్టెలు చేస్తోంది. మరిది శివరాం బట్టల దుకాణానికి బయలుదేరబోతూ టోపీ వెతుక్కుంటున్నాడు.

ఇంటి ముందు సైకిల్ ఆగింది. హౌసింగ్ సొసైటీకి కొత్తగా వచ్చిన సెక్రెటరీ వెంకట్రావ్.

"శివరాం శేఠ్ ఉన్నడా అమ్మా? ఫ్లాట్ అమ్మిన పనిల ఒక్కటి మిగిలింది. కొన్నాయన పేరు మీదికి లీజు మారాలంటే ఆ దాఖలా గావాలె."

ఎనభై రెండులో యమునాబాయి భర్త జ్ఞానేశ్వర్ పోయాక ఆ ఫ్లాటు ఆమె పేరు మీదికి వచ్చింది. ఒంటరిగా ఉండలేక మరిది ఇంటికి చేరింది. అమ్మేయమని చెప్పింది కూడా ఆమే.

"ఏం దాఖలా నాయనా?"

"మరణ దాఖలా, అదే డెత్ సర్టిఫికెట్. ఆయన వదినె యమునాబాయి పోయింది గద, పాపం! మొన్న మీటింగ్‌ల అందరం లేచి నిలవడి మౌనం పాటించినం."

యమునాబాయి చేతిలోని కూర జారి పడింది.

"యమునాబాయిని నేనే."

వెంకట్రావ్ బిత్తరపోయి వెనక్కి జరిగాడు. సైకిల్ దభాలున పడింది. ఆ చప్పుడుకు బయటికొచ్చిన శివరాం ఇద్దరినీ చూసి గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు.

"ఏంది శివరాం, నేనెప్పుడు సచ్చిన?"

"వదినె... మీ అక్కకు పానం బాగలేదని నువ్వు నాయ్‌గావ్ పోయినవు. కొనేటాయన జల్ది జేయమన్నడు. సొసైటోళ్లు సంతకానికి నిన్ను తీస్కరమ్మన్నరు. దుకాణం బంద్ వెట్టి ఎట్ల పోవాలె అని... నోటికొచ్చింది చెప్పిన."

"కబురు వెడితే బస్సెక్కి అచ్చేదాన్ని గద!"

పిండి చేతులతో వచ్చిన సుమంగళ భర్తను నిలదీసింది. "రేపు నేను పుట్టింటికి పోతే నన్ను గూడ గిట్లనే సంపుతవా?"

శివరాం తల దించుకున్నాడు. యమునాబాయి అతని ఎదుటికొచ్చి నిలబడింది.

"తల్లి లేని పోరనివి. నీకు అమ్మవారు పోసినప్పుడు మాహూర్ గుడి దాక చెప్పుల్లేకుంట నడిచిన. రేణుకమ్మను ఏమడిగిన్నో ఎరుకనా? నువ్వు బతకాలని. నువ్వేమో నన్ను..."

మాట మధ్యలోనే లోపలికి వెళ్లింది. కాసేపటికి మంచి చీర కట్టుకుని వచ్చింది.

"నడువు. ఎవలకైతే సచ్చిందని చెప్పినవో, ఆళ్లకే బతికున్నదని చెప్పు."

సొసైటీ ఆఫీసులో వెంకట్రావ్‌తో పాటు నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. శివరాం చేతులు జోడించి ఏదో గొణిగాడు.

"పెద్దగ చెప్పు. ఆ మూలకున్నోళ్లకు ఇనవడాలె."

"ఈమె మా వదినె యమునాబాయి. నేను అబద్ధమాడిన. మా... మా అమ్మ బతికే ఉన్నది."

ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో అతనికే తెలియలేదు. నలుగురి ముందే భోరున ఏడ్చేశాడు. యమునాబాయి కొంగుతో అతని మొహం తుడిచింది, చిన్నప్పుడు తుడిచినట్టే. తన కళ్లు మాత్రం తుడుచుకోలేదు.

"సంతకం ఏడ వెట్టాలె, సెక్రెటరీ సాబ్?" అని అడిగింది.