కాబ్రా కనుమ మీద పాత పేపరు

“కోబ్రా దగ్గర కాపు కాయి,” అన్నాడు ఫోన్లో కల్నల్ ఉర్కీహో.

లైన్లో ఒకటే గరగర. ఏజెంట్ లెయాంద్రో ఇబార్స్ ఆ ఒక్క ముక్క పట్టుకుని, కోబ్రా అనే మారుపేరున్న హంతకుడి కోసం జరగోసా ఆఫీసు ఫైళ్ళన్నీ మూడు రోజులు తవ్వాడు. ఎందుకైనా మంచిదని పాముకాటు మందు కూడా సంపాదించాడు. నాలుగో రోజు బ్రీఫింగ్‌లో కల్నల్ తల పట్టుకున్నాడు.

“కోబ్రా కాదు మహానుభావా, కాబ్రా! మేక! మేకల కనుమ! ఫ్యుయెంసెరా సైకిల్ సంఘం వాళ్ళు ఆదివారం నూట ముప్పై కిలోమీటర్లు తొక్కుతున్నారు. అయిదు కనుమలు. ఆఖరిది కాబ్రా. నువ్వూ తొక్కుతున్నావు.”

“నేనా సార్?”

“ఆ కనుమ నెత్తిన, రాతిగోడ మీద, ఒక కారు వచ్చి పేపరు పెట్టి పోతుంది. మూడ్రోజుల నాటి బార్సిలోనా పేపరు. మూల ఎర్ర పెన్సిల్ గీత ఉంటుంది. మధ్య పేజీల్లో ఒక జాబితా. విదేశీ ముఠాలో మనం దూర్చిన మనిషి పేరు అందులో ఉంది. పేపరు తీసుకునేవాడు సైకిళ్ళవాళ్ళలో ఒకడు. వాడు దొరకాలి, జాబితా వాడికి దొరక్కూడదు. వాడు చదివాడో, మన మనిషికి తెల్లారదు.”

“ఆ మన మనిషి ఎవరు సార్?”

“నీకు చెబితే నీ మొహం ఊరంతా చెబుతుంది. వెళ్ళు.”

లెయాంద్రోకు ఎక్కాలు వచ్చు గాని ఎక్కడం రాదు. అయినా కలప వ్యాపారి వేషం కట్టాడు. సైకిల్ వీరుడిలా కనిపించాలని కాళ్ళ వెంట్రుకలు నున్నగా గీయించుకున్నాడు; భార్య రెండు రోజులు మాట్లాడలేదు. టెక్నికల్ సెక్షన్ వాళ్ళు ఒక పంపు ఇచ్చి పంపారు. నొక్కితే గాలి రాదు, నిద్రమందు సూది వస్తుంది.

ఆదివారం ముప్పై మంది బయల్దేరారు. ముప్పై మంది మీదా లెయాంద్రోకు అనుమానమే. వాచీ చూసుకున్నవాడి మీద అనుమానం. చూసుకోనివాడి మీద ఇంకా అనుమానం. అన్నిటికన్నా ఎక్కువ ఒడెట్ మీద. నల్ల కళ్ళజోడు, ఎర్రటి పెదవులు, ఎంత ఎత్తెక్కినా చెదరని జుట్టు. లియోన్‌లో గ్లవ్స్ షాపుందట. ఆవిడ చేతులకు మాత్రం గ్లవ్స్ లేవు!

“మీ కలప ఏ కలపండీ?” అని అడిగింది, పక్కన తొక్కుతూ.

“పైను,” అన్నాడు లెయాంద్రో రొప్పుతూ.

“పైనా? మీరేమో ఎప్పుడూ కిందే ఉంటున్నారు!”

ముందు మలుపులు, పక్కన వలపు. ఏది ఎక్కువ ప్రమాదమో తెలియలేదు. వెనకనుంచి బేకరీ నడిపి రిటైరైన తెలెస్ఫోరో, అరవై ఎనిమిదేళ్ళవాడు, ఈల వేసుకుంటూ దాటిపోయాడు. “ఏం అబ్బాయ్, సైకిల్ తొక్కుతున్నావా, ద్రాక్ష తొక్కుతున్నావా?” అందరికంటే వెనక, ఆయాసపడుతూ, సంఘం అధ్యక్షుడు దోన్ బల్తసార్. పిండిలా పాలిపోయిన నోటరీ.

నాలుగో కనుమ దాటాక లెయాంద్రో ఎవరూ చూడకుండా గొర్రెల లారీ వెనక చెయ్యేసి పట్టుకున్నాడు. అందువల్ల కాబ్రా నెత్తికి మొట్టమొదట చేరింది అతనే. గోడ వెనక, పంక్చరైనట్టు టైరు విప్పుకుని కూర్చున్నాడు. కారు వచ్చింది. పేపరు పెట్టి, మీద రాయి ఉంచి, వెళ్ళిపోయింది. చలిగాలి చెవులు కోస్తోంది.

ఒడెట్ వచ్చింది. అటూ ఇటూ చూసింది. గోడవైపు చెయ్యి చాపింది. లెయాంద్రో పంపు ఎత్తాడు.

అంతలో తెలెస్ఫోరో ఆమెను పక్కకు జరిపి, రాయి తీసి, పేపరు లాగి, జెర్సీ జిప్పు దించి, రొమ్ము మీద పరుచుకుని, జిప్పు ఎక్కించి, “దిగుతున్నా!” అని జారిపోయాడు.

ఈ ముసలాడా? నలభై ఏళ్ళు ఊరందరికీ రొట్టెలు పెట్టినవాడా! లెయాంద్రో పంపు నడుముకు దోపుకున్నాడు. టైరు ఎలాగో ఎక్కించి వెంటపడ్డాడు. పద్దెనిమిది మలుపులు. ఒడెట్ కూడా వెంటే. ఆవిడ ముసలాణ్ణి కాపాడ్డానికా, తనను లోయలోకి తొయ్యడానికా? బ్రేకులు కీచుమన్నాయి, లెయాంద్రో కూడా.

కింద ఫ్యుయెంసెరా బార్‌లో పొయ్యి భగభగమంటోంది. పెనం మీద గుడ్లు, లొంగనీసా సాసేజీలు చిటపటమంటున్నాయి. తెలెస్ఫోరో పొయ్యి దగ్గర కూలబడ్డాడు. లెయాంద్రో బల్ల కింద పంపు గురిపెట్టాడు. ఎదురుగా ఒడెట్, కాఫీ కప్పు పట్టుకుని, తాగకుండా. ఒక్కొక్కరే దిగారు. చివరికి దోన్ బల్తసార్ కూడా వచ్చాడు, ఇంకా పాలిపోయి.

తెలెస్ఫోరో జిప్పు దించాడు. చెమటకు తడిసిన పేపరు బయటికి లాగాడు. ఎర్ర గీత అందరికీ కనిపించింది. దాన్ని ఉండ చుట్టి పొయ్యిలో పడేశాడు.

లెయాంద్రో వేలు ఆగిపోయింది. గూఢచారి తన జాబితాను తనే కాలుస్తాడా?

“అయ్యో!” ఒక్కడే అరిచాడు. ఒక్కడే దూకాడు. దోన్ బల్తసార్ పొయ్యిలో చెయ్యి పెట్టి, పొగలు కక్కుతున్న ఉండ బయటికి లాగి, గబగబా విప్పసాగాడు. మధ్య పేజీ తెరుచుకుంటోంది.

లెయాంద్రో పంపు నొక్కాడు. సూది నోటరీ గారి పిరుదులో దిగింది. ఆయన సంతకం పెడుతున్నంత నిదానంగా వాలిపోయి, సాసేజీల పళ్ళెంలో తల పెట్టి గురక తీశాడు. ఒడెట్ లేచి, బూటు కొనతో పేపరును పొయ్యిలోకి తన్నింది. అది బూడిదయ్యేదాకా అక్కడే నిలబడింది.

“అందులో మొదటి పేరు నాదే,” అంది. లెయాంద్రో చెవి దగ్గరికి వంగింది. “మీ పంపుతో నన్నే పంపేస్తారనుకున్నాను!”

ఇక బార్ అంతా ఒకటే గోల. “అధ్యక్షుణ్ణి పొడిచావేమయ్యా?” “ఎవర్రా నువ్వు?” లెయాంద్రో బల్లెక్కి జాబితా సంగతి, కారు సంగతి, నోటరీ సంగతి అందరికీ మొదటినుంచి విప్పి చెప్పాల్సివచ్చింది. నోటరీ కాస్త తొందరగా ఎక్కి ఉంటే పేపరు ఆయనకే దక్కేదనీ, ఈ ముసలాయనే ముఠా నాయకుడని తాను గంటసేపు నమ్మాననీ కూడా ఒప్పుకున్నాడు.

తెలెస్ఫోరో నోరు తెరిచాడు. “నేనా? ఒరేయ్, కనుమ మీద పేపరుందంటే అది దిగేవాడి రొమ్ముకిరా! చలిగాలి కొట్టకుండా. మా నాయన రోజుల నుంచీ ఇంతే. ఎవరో పుణ్యాత్ముడు పెట్టాడనుకున్నా. కిందికొచ్చాక తడిసింది కాబట్టి పొయ్యిలో వేశా. మరేం చేస్తారు?”

“ఒక్కసారి విప్పి చూడొచ్చుగా, పెద్దాయనా?”

“వార్తలు చదివితే రొమ్ము వెచ్చబడినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదబ్బాయ్,” అన్నాడు తెలెస్ఫోరో, నోటరీ గారి తల కింది నుంచి ఒక సాసేజీ జాగ్రత్తగా లాక్కుంటూ.