ఉత్త లెక్క

ఆసుపత్రి నేలమాళిగలోని మా గదికి కిటికీలు లేవు. కంప్యూటర్ల వేడి, మరిగిన టీ వాసన, ఫ్యాన్ల ఎడతెగని రొద. కాలేయంలో కణితి ఉన్నవారికి సూది గుచ్చి, దాని మొనలో పుట్టే వేడితో కణితిని మాడ్చివేస్తారు. సూది ఎక్కడ గుచ్చాలో, వేడి ఎంతవరకు పాకుతుందో స్కాన్ నుంచి నమూనా తయారుచేసి, ముందుగా లెక్కగట్టి చెప్పడం మా పని. తెర మీద బతికిన కండ ఎరుపు. మాడినది తెలుపు. ఒంటి వేడి కన్నా చల్లబడితే నీలం. నీలం అవసరం మాకెన్నడూ రాలేదు.

నేను వేడి గ్లాసును రుమాలు లేకుండా పట్టుకోలేను. "మంటలతో బతికే సార్‌కి టీ గ్లాసంటే భయం" అని నా సహాయకురాలి వేళాకోళం.

ప్రతి కేసుకూ ముందు 'ఉత్త లెక్క' నడపడం మా ఆనవాయితీ. సూది ఉండదు, వేడి ఉండదు. నమూనా అంతా ఎర్రగా, నిలకడగా ఉండాలి. కదిలిందంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే.

ఆనాటి కేసు మా చెల్లెలిది.

లెక్క మొదలుపెట్టాను. కాసేపు ఏమీ లేదు. తరువాత కణితి పక్కన ఒక నీలపు చుక్క కనిపించింది. అది మెల్లగా విప్పారి కాలేయమంతా కమ్ముకుంది.

"నమూనా అంచుల దగ్గర ఒంటి వేడికి బదులు గది ఉష్ణోగ్రత ఇచ్చారేమో సార్," అంది సహాయకురాలు.

"ఇవ్వలేదు."

పరీక్షల కోసం నా కాలేయపు నమూనా మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దానిని నడిపాము. ఎరుపు చెదరలేదు.

"మీది బండరాయి సార్," అని నవ్వబోయి, ఊరుకుంది.

వైద్యుడికి చెప్పాను.

"అసలు లెక్క బాగానే వచ్చిందా?" అన్నాడాయన.

"వచ్చింది. కణితి పూర్తిగా మాడుతుంది."

"మరింకేం మాస్టారూ? ఇప్పుడు ఆగితే అది పెద్ద రక్తనాళాన్ని పట్టుకుంటుంది. ఆ తరువాత ఆమెను నేను కాపాడలేను."

థియేటర్ బయట, స్ట్రెచర్ మీద నుంచి చెల్లెలు నా చేయి పట్టుకుంది. ఆమె వేళ్ళకూ పక్కనున్న ఇనుప కమ్మీకీ చల్లదనంలో తేడా లేదు.

"మొహం అలా పెట్టావేం అన్నయ్యా? కాల్చేది నన్ను, నిన్ను కాదుగా!"

"వాగకు."

"చలేస్తోంది. నీ చేతి వేడి కాస్త అప్పివ్వు. వచ్చాక తిరిగిచ్చేస్తాలే."

"తీసుకో," అన్నాను. తలుపులు మూసుకున్నాయి.

చికిత్స సవ్యంగా జరిగింది. వార్డులో ఆమె చేయి వెచ్చగా ఉంది. నాకు సంతోషం కలగవలసింది. ఏమీ కలగలేదు. ఆ తరువాత ఆకలి కూడా కలగలేదు.

ఆమె కొత్త స్కాన్ వచ్చిన రోజున మా గదిలో ఏసీ చెడిపోయింది. "కుంపట్లో కూర్చున్నట్టుంది," అంటూ సహాయకురాలు పొద్దుటి నుంచి అట్టముక్కతో విసురుకుంటోంది. చెల్లెలి ఉత్త లెక్క నడిపాను. కణితి ఉన్నచోట తెల్లటి మచ్చ; మిగిలినదంతా ఎరుపు.

"హమ్మయ్య! మీది కూడా ఒకసారి చూసేద్దాం సార్." నాకు టీ పోసి ఇచ్చి, తెర వైపు తిరిగింది.

నా కాలేయం. అదే పాత స్కాన్. ఒక్క అంకె మార్చలేదు.

ఎరుపు...

ఎరుపు...

నీలపు చుక్క.

అది విప్పారుతుండగా చూస్తూ కూర్చున్నాను. నాకు ఆశ్చర్యం కలగలేదు.

"సార్..." గుసగుసలాడింది ఆమె. ఆమె చూపు తెర మీద లేదు. నా చేతి మీద ఉంది. "సార్... రుమాలు..."

పొగలు కక్కుతున్న గ్లాసును ఒట్టి చేత్తో బిగించి పట్టుకుని ఉన్నాను. ఆమె లాక్కుంది. నా వేళ్ళను ఒక్కొక్కటిగా విప్పింది. అరచేయి తెల్లగా ఉంది. తెర మీది ఆ తెలుపే. నొప్పి లేదు.

ఆమె నా చేతిని వదిలి కుర్చీలో కూలబడింది. కాసేపటికి చున్నీని భుజాల చుట్టూ బిగించుకుంది. అట్టముక్క నేల మీద పడి ఉంది.

"ఏసీ బాగయిందా సార్?" అంది, పళ్ళు టకటకలాడుతుండగా. "చలిగా లేదూ?"

ఏసీ బాగుచేసే మనిషి ఇంకా రాలేదు.